"కారకం" అంటే జబ్బు తెచ్చేదేనా? (బీసీఎల్11ఏ గురించి)

అడిగినవారు: పాడేరు, ఉట్నూరు ఏజెన్సీల్లో పంచడానికి సికిల్ సెల్ (ఎర్రరక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు) మీద కరపత్రం తయారవుతోంది. అందులో "బీసీఎల్11ఏ ఒక అనులేఖన కారకం" అని ఉంది. పాఠ్యపుస్తకాల మాటే. జన్యువు పనిని అదుపు చేసే ప్రోటీన్, అంటే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ అని అర్థం. కానీ చదివినవాళ్లు "ఓహో, ఈ జబ్బు దానివల్లే వస్తుందన్నమాట" అంటున్నారు. మార్చాలా?

తెలుగు మాస్టారు: వ్యాకరణంలో కారకానికి మంచీ చెడూ లేవండీ. కర్త, కర్మ, కరణం అన్నీ కారకాలే. క్రియ జరగడానికి తోడ్పడేదల్లా కారకమే. పేచీ అంతా పత్రికల తెలుగుతో. వ్యాధికారక క్రిమి, క్యాన్సర్ కారకం, ప్రమాద కారకుడు... చెడ్డపనుల పక్కనే చూసి చూసి జనానికి ఆ అర్థమే స్థిరపడింది. "నియంత్రకం" అనేయండి.

జన్యుశాస్త్రం చెప్పేవారు: అదీ ఇబ్బందే మాస్టారూ. నియంత్రణ అనగానే ధరల నియంత్రణ, జనాభా నియంత్రణ గుర్తొస్తాయి. అంటే తగ్గించడమే. ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లలో జన్యువు చేత పని చేయించేవీ ఉన్నాయి, ఆపేవీ ఉన్నాయి. ఇక్కడ రెండూ ఉన్నాయి. గాటా1 అనే మరో అనులేఖన కారకం బీసీఎల్11ఏ జన్యువులోని, దాని పనిని పెంచే డీఎన్ఏ ముక్క అయిన ఒక ఎన్‌హాన్సర్ మీద కూర్చుంటుంది. దాంతో ఎర్రకణాలుగా మారబోయే కణాల్లో బీసీఎల్11ఏ ప్రోటీన్ తయారవుతుంది. ఆ ప్రోటీన్ గామా గ్లోబిన్ (గర్భస్థ శిశువు హిమోగ్లోబిన్లో ఒక భాగం) జన్యువు ముందున్న టీజీఏసీసీఏ అనే ఆరక్షరాల వరసను పట్టుకుని ఆ జన్యువును అణచేస్తుంది. గామా తగ్గితే గర్భస్థ శిశువు హిమోగ్లోబిన్ తగ్గుతుంది. పుట్టినప్పుడు 60–80 శాతం ఉండేది పెద్దయ్యాక 2 శాతం లోపే. ఇది అందరిలో జరిగేదే, రోగం కాదు.

సికిల్ సెల్‌లో లోపం పెద్దల హిమోగ్లోబిన్లో భాగమైన బీటా గ్లోబిన్ జన్యువుది: ఆ ప్రోటీన్లో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం పోయి వాలీన్ చేరుతుంది. గామా దండిగా ఉన్నన్నాళ్లూ అది బయటపడదు. అందుకే తొలి నెలల్లో బిడ్డ బాగానే ఉంటుంది. ఆరు నెలలు దాటాక చేతులూ పాదాలూ వాచి నొప్పులు మొదలవుతాయి. "కారకం" అని రాస్తే నింద వేరే ప్రోటీన్ మీద పడుతుంది.

"బీసీఎల్11ఏను తీసేసి నయం చేస్తారు" అని కూడా రాయకండి. బి లింఫోసైట్లకూ (రోగాన్ని ఎదిరించే ఒక రకం తెల్లకణాలు) మెదడు ఎదుగుదలకూ అది కావాలి. పుట్టుకతోనే దాని రెండు ప్రతుల్లో ఒకటి చెడిన పిల్లల్లో గర్భస్థ హిమోగ్లోబిన్ ఎక్కువగానే ఉంటుంది, కానీ బుద్ధి ఎదుగుదల దెబ్బతింటుంది. 2023లో బ్రిటన్, అమెరికా అనుమతించిన జన్యు చికిత్స కాస్‌జెవీలో క్రిస్పర్ (డీఎన్ఏను కత్తిరించే సాధనం) కోసేది ఎన్‌హాన్సర్‌లో గాటా1 కూర్చునే చోటునే. ఆ ఎన్‌హాన్సర్ పని ఎర్రకణాల వంశానికే పరిమితం, మిగతా చోట్ల బీసీఎల్11ఏ మామూలుగానే ఉంటుంది. రోగి మూలకణాలు తీసి, బయట కత్తిరించి, కీమో మందు బుసల్ఫాన్‌తో ఎముక మజ్జను ఖాళీ చేసి తిరిగి ఎక్కిస్తారు. అమెరికాలో ధర 22 లక్షల డాలర్లు! కరపత్రంలో దీనికి ఒక్క వాక్యం చాలు.

రక్తవైద్యులు: అవును, ఏజెన్సీలో దొరికేది హైడ్రాక్సీయూరియా మందు. అదీ గర్భస్థ హిమోగ్లోబిన్‌ను పెంచేదే. పిల్లలకు సాధారణంగా రోజుకు కిలో బరువుకు 20 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు. తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు పడిపోవచ్చు కనుక రక్తపరీక్షలు మానకూడదు. ఈ ముక్క పెద్దక్షరాల్లో వేయండి.

గర్భస్థ హిమోగ్లోబిన్ కోసం కరపత్రంలో వాడిన "పిండ హిమోగ్లోబిన్" అన్న మాట తీసేయండి. గర్భం తొలి వారాల పిండ దశకు గోవర్ హిమోగ్లోబిన్లు వేరే ఉన్నాయి. పైగా బిడ్డ జబ్బు గురించి చదువుతున్న తల్లికి ఆ మాట వినగానే తద్దినం గుర్తొస్తుంది.

సాల్యుబిలిటీ పరీక్ష (సికిల్ హిమోగ్లోబిన్ ఉందో లేదో చూసే తొలి రక్తపరీక్ష) దగ్గర కూడా ఒక మాట చేర్చాలి. ఆరు నెలల లోపు పిల్లల్లో నెగెటివ్ వచ్చినా నమ్మడానికి లేదు, అప్పటికింకా గామాదే రాజ్యం. పాజిటివ్ వస్తే క్యారియరో (లోపం ఒక్క ప్రతిలోనే ఉన్నవారో) రోగో తేలదు. హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ చేయించాల్సిందే.

అడిగినవారు: అయితే పారిభాషిక పదమే లేకుండా ఇలా రాస్తే? "పుట్టాక గర్భస్థ శిశువు హిమోగ్లోబిన్ తయారీని ఆపించే ప్రోటీన్ బీసీఎల్11ఏ. సికిల్ సెల్ దీనివల్ల రాదు."

తెలుగు మాస్టారు: బాగుంది. "ఆపించే" ఎందుకు? ఇంకొకరి చేత చేయించడం లేదుగా, తనే జన్యువును పట్టుకుని ఆపుతోంది. "ఆపే" చాలు.

జన్యుశాస్త్రం చెప్పేవారు: పూర్తిగా ఆగదు కదా, "బాగా తగ్గించే" అనండి. "ఆపే" అని ఉంటే హైడ్రాక్సీయూరియా దేన్ని పెంచుతుందని అడుగుతారు.