అప్‌డేట్: స్టెంట్ తర్వాత నడవనన్న నాన్న ఇప్పుడు నడుస్తున్నారు

గుండె రక్తనాళంలో స్టెంట్ వేశాక డాక్టర్ కార్డియాక్ రిహాబ్ (గుండె కోలుకోవడానికి పర్యవేక్షణలో చేయించే వ్యాయామం) రాసినా నాన్న కదలట్లేదని ఇక్కడ అడిగాను కదా, సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. బద్ధకం కాదండీ, భయం. నడిస్తే ఆయాసం, ఆయాసమొస్తే మళ్లీ అటాకే అని ఆయన లెక్క, ఫిజియోథెరపిస్ట్ అడిగితేగానీ ఆ మాట బయటికి రాలేదు. ఆవిడ బీపీ, ఆక్సిజన్ చూస్తూ 6 నిమిషాల నడక పరీక్ష చేయించి, మాట్లాడగలిగేంత ఆయాసం పర్లేదు, ఛాతీలో నొప్పి వచ్చినా కళ్లు తిరిగినా మాత్రం వెంటనే ఆగిపోవాలి అని విడమరిచి చెప్పాక ధైర్యం వచ్చింది. మీరు చెప్పిన వాటిలో తోడు ఉండాలన్నది బాగా పనిచేసింది. అమ్మ కాదు (అమ్మతో అయితే గొడవే), మా అపార్ట్‌మెంట్‌లో బైపాస్ అయిన ఇంకో అంకుల్. గుండె వేగం చూసి ఎంత శ్రమ పడుతున్నారో తెలుసుకోవడానికి స్మార్ట్‌వాచ్ దండగ: మెటోప్రొలాల్ (గుండె వేగాన్ని తగ్గించే మందు) వేసుకుంటుంటే నడిచినా ఆ వేగం పెద్దగా పెరగదట.