కెథ్రెడ్ నిద్రపోయి లేవట్లేదు: టాస్క్ స్టేట్ ఎక్కడ సెట్ చేయాలి?

నల్లమల_నోడ్: ఏఆర్ఎం బోర్డు మీద లైనక్స్ కెర్నల్‌కి సెన్సర్ డ్రైవర్ రాస్తున్నాను. ఇంటరప్ట్ హ్యాండ్లర్ (సెన్సర్ సిగ్నల్ రాగానే నడిచే కోడ్) ఫ్లాగ్ పెట్టి, నిద్రపోతున్న టాస్క్‌ని లేపే వేక్_అప్_ప్రాసెస్‌ని పిలుస్తుంది. కెథ్రెడ్ (కెర్నల్ లోపల నడిచే థ్రెడ్) ముందు ఫ్లాగ్ చూసి, అది 0 అయితే స్టేట్‌ని టాస్క్_ఇంటరప్టిబుల్ (నిద్ర స్థితి) చేసి, సీపీయూని వదిలేసే షెడ్యూల్‌ని పిలుస్తుంది. లోడ్ పెంచితే ఎప్పుడో ఒకసారి నిద్రలోనే ఉండిపోతోంది. ఫ్లాగ్ మాత్రం 1 చూపిస్తోంది.

గోదారి_ఐఆర్‌క్యూ: వరస తిరగబడింది తమ్ముడూ. ఫ్లాగ్ చూశాక, స్టేట్ మార్చేలోపు ఇంటరప్ట్ వచ్చిందనుకో. టాస్క్ ఇంకా టాస్క్_రన్నింగ్‌లోనే ఉంది కాబట్టి వేక్_అప్_ప్రాసెస్ లేపేదేమీ లేదని వెళ్ళిపోతుంది. ఆ తర్వాత నువ్వు పడుకుంటావు, ఇక లేపేవాళ్ళుండరు. ఇలా రాయి:

```
ఫర్ (;;) {
    సెట్_కరెంట్_స్టేట్(టాస్క్_ఇంటరప్టిబుల్);
    ఇఫ్ (రీడ్_వన్స్(ఫ్లాగ్) || కెథ్రెడ్_షుడ్_స్టాప్())
        బ్రేక్;
    షెడ్యూల్();
}
__సెట్_కరెంట్_స్టేట్(టాస్క్_రన్నింగ్);
```

ఇప్పుడు మధ్యలో ఇంటరప్ట్ వచ్చినా స్టేట్ మళ్ళీ రన్నింగ్ అవుతుంది, షెడ్యూల్ పడుకోబెట్టదు.

నల్లమల_నోడ్: అన్నా, స్టేట్ మార్చాక ఫ్లాగ్ చూడకముందే ప్రీఎంప్ట్ అయితే (కెర్నల్ బలవంతంగా సీపీయూ లాక్కుంటే)? అలాగే నిద్రపోదా?

గోదారి_ఐఆర్‌క్యూ: మంచి ప్రశ్న. పోదు. ప్రీఎంప్షన్ దారిలో వెళ్తే, స్టేట్ ఏదైనా సరే, షెడ్యూలర్ టాస్క్‌ని రన్ క్యూలోంచి (సీపీయూ కోసం ఎదురుచూసే వరసలోంచి) తీయదు. టాస్క్ తనంతట తాను షెడ్యూల్‌ని పిలిస్తేనే తీస్తుంది.

ఓరుగల్లు_ఊప్స్: లూప్ మొదట్లో రెండు అండర్‌స్కోర్ల రకం మాత్రం వాడొద్దు, అందులో మెమరీ బారియర్ (మెమరీ రాతలు, చదువుల వరస తప్పకుండా ఆపే ఆదేశం) లేదు. స్టేట్ రాసింది మిగతా సీపీయూలకి కనపడకముందే ఫ్లాగ్ చదివేస్తే మళ్ళీ అదే రేస్ (ఏది ముందు జరిగిందన్న దాన్ని బట్టి వచ్చే తప్పు). ఇది ఏఆర్ఎం ఒక్కదాని గొడవే కాదు, ఎక్స్86లో కూడా స్టోర్ తర్వాతి లోడ్ ముందుకు జరగగలదు. రెండోవైపు హ్యాండ్లర్ కూడా ఫ్లాగ్ పెట్టాకే లేపాలి.

ఇంకోటి. స్టేట్ మార్చాక, షెడ్యూల్‌కి ముందు మ్యూటెక్స్ (తాళం) పట్టుకోవడం, జీఎఫ్‌పీ_కెర్నల్‌తో కెమాలాక్ చేయడం (మెమరీ అడగడం) వద్దు. అవి మధ్యలో నిద్రపోయి లేస్తే స్టేట్ రన్నింగ్ అయిపోతుంది, నీ షెడ్యూల్ పడుకోకుండానే తిరిగొస్తుంది. కాన్ఫిగ్_డీబగ్_అటామిక్_స్లీప్ ఆన్ చేస్తే డీమెసేజ్‌లో (కెర్నల్ లాగ్‌లో) హెచ్చరిక వస్తుంది.

బెజవాడ_బిల్డ్: అసలు ఈ లూప్ చేత్తో రాయడం ఎందుకండీ? వెయిట్_ఈవెంట్_ఇంటరప్టిబుల్ వాడండి, ఈ వరసంతా అదే చూసుకుంటుంది. షరతు చూడకుండా పడుకోబెట్టే పాత స్లీప్_ఆన్‌ని ఇలాంటి రేస్‌ల వల్లే కెర్నల్ 3.15లో తీసేశారు. వేరే టాస్క్ స్టేట్ మార్చనిచ్చే సెట్_టాస్క్_స్టేట్ కూడా 4.11లో పోయింది. పాత పుస్తకాల్లో కనపడితే కాపీ చేయకండి.

నల్లమల_నోడ్: వెయిట్_ఈవెంట్_ఇంటరప్టిబుల్‌కి, అది వాడే వెయిట్ క్యూకి మార్చాను. ఇప్పుడు డ్రైవర్‌ని తీసేయడానికి ఆర్ఎంమాడ్ కొడితే అక్కడే ఆగిపోతోంది.

బెజవాడ_బిల్డ్: వెయిట్_ఈవెంట్ షరతులో ఫ్లాగ్ ఒక్కటే పెట్టినట్టున్నారు. కెథ్రెడ్_షుడ్_స్టాప్ కూడా చేర్చండి. డ్రైవర్ తీసేటప్పుడు పిలిచే కెథ్రెడ్_స్టాప్ థ్రెడ్‌ని లేపుతుంది గానీ, షరతు నెరవేరకపోతే థ్రెడ్ మళ్ళీ పడుకుంటుంది. అది బయటికొచ్చేదాకా ఆర్ఎంమాడ్ ఎదురుచూస్తూనే ఉంటుంది.