అమ్మానాన్నలతో యూరప్: రైలా, ఫ్లైటా? ఎవరైనా తేల్చి చెప్పండి

కూకట్‌పల్లి కుర్రాడు:
అందరికీ నమస్తే. మే 20 తర్వాత యూరప్ ప్లాన్ చేస్తున్నా, మొత్తం 12 రాత్రులు. నేను, మా ఆవిడ, 6 ఏళ్ల బాబు, అమ్మ (61, మోకాళ్ల నొప్పులు), నాన్న (66, బీపీ తప్ప ఇంకేం లేదు). అమ్మానాన్నలకి ఇదే మొదటి ఫారిన్ ట్రిప్పు. పారిస్ 3, ఆమ్‌స్టర్‌డామ్ 2, స్విట్జర్లాండ్‌లో ఇంటర్‌లాకెన్ 3, వెనిస్ 1, ఫ్లోరెన్స్ 1, రోమ్ 2. పారిస్‌లో దిగి రోమ్ నుంచి రిటర్న్. మధ్యలో తిరగడానికి యూరైల్ పాస్ (ఒకే పాస్ మీద చాలా దేశాల రైళ్లెక్కొచ్చు) తీసుకోవాలా లేక ఫ్లైట్లు బుక్ చేసుకోవాలా అన్నది నా డౌటు. మిగతావి ఎలాగోలా అవుతాయి గానీ ఆమ్‌స్టర్‌డామ్ నుంచి ఇంటర్‌లాకెన్ దగ్గరే బుర్ర పనిచెయ్యట్లేదు.

రైలుపిచ్చి:
జర్మనీలో 9 ఏళ్ల నుంచి ఉంటున్నా, కాబట్టి నా మాట విను బ్రో. యూరప్‌లో రైలంటే ఊరి మధ్యలో ఎక్కి ఊరి మధ్యలో దిగడం. ఫ్లైటంటే ఊరికి ఆవల ఎక్కి ఇంకో ఊరికి ఆవల దిగడం. చీప్ ఫ్లైట్ దొరికిందని కొంటే అది పారిస్ అని పేరు పెట్టుకున్న బోవే ఎయిర్‌పోర్టుకి వెళ్తుంది, అది పారిస్ నుంచి 80 కిలోమీటర్ల పైనే. పారిస్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్ యూరోస్టార్ రైల్లో 3 గంటల 20 నిమిషాలు, దీనికి ఫ్లైట్ అనే ఆలోచనే దండగ. అక్కడి నుంచి స్విట్జర్లాండ్‌కి నైట్‌జెట్ అనే రాత్రి రైలు ఉంది, రాత్రి ఎక్కి పడుకుంటే పొద్దున్న జ్యూరిక్, ఒక హోటల్ రాత్రి కూడా మిగులుతుంది. పగలే వెళ్తామంటే బాసెల్ దాకా డైరెక్ట్ ఐసీఈ (జర్మనీ ఫాస్ట్ రైలు), అక్కడ మారితే ఇంకో 2 గంటల్లో ఇంటర్‌లాకెన్. బాబుకి 12 లోపు కాబట్టి పాస్ ఫ్రీ. పాస్ తీసుకో, కళ్లు మూసుకుని తీసుకో.

తెనాలి మాస్టారు:
ఫ్లైట్.

రైలుపిచ్చి:
మాస్టారూ కారణం కూడా చెప్తే బావుంటుంది కదండీ.

తెనాలి మాస్టారు:
కారణం అడిగావు కాబట్టి చెప్తున్నా. 61 ఏళ్ల మనిషిని, మోకాళ్ల నొప్పులున్న మనిషిని, రాత్రి పూట కూషెట్‌లో పై బెర్తు ఎక్కించి హోటల్ డబ్బులు మిగుల్చుకోవడం ఏం లెక్క? ఫ్లైట్‌కి టికెట్ కొన్నప్పుడే వీల్‌చెయిర్ కావాలని టిక్ పెడితే చాలు, 48 గంటల ముందు చెప్తే యూరప్ చట్టం ప్రకారం పైసా తీసుకోకుండా గుమ్మం నుంచి సీటు దాకా తీసుకెళ్లి కూర్చోబెడతారు. పెద్ద క్యూల్లో నిలబడక్కర్లేదు. రైల్వే స్టేషన్‌లో మనల్ని ఎవరు చూస్తారు?

రైలుపిచ్చి:
రైల్లో కూడా సాయం ఉంటుందండీ, 24 గంటల ముందు చెప్తే ర్యాంపు వేసి ఎక్కిస్తారు, అదీ ఫ్రీనే. తెలియకుండా మాట్లాడితే ఎలా.

తెనాలి మాస్టారు:
తెలియకుండా మాట్లాడే వయసు దాటి చాలా ఏళ్లయింది నాయనా.

గుంటూరు కారం:
ఫ్లైట్‌లో క్యాబిన్ బ్యాగులో ఆవకాయ పట్టుకెళ్లొచ్చా?

కిటికీ సీటు:
100 ఎంఎల్ దాటితే తీసి చెత్తబుట్టలో వేస్తారు, పచ్చడిని కూడా ద్రవం కిందే లెక్కేస్తారు. చెక్-ఇన్ బ్యాగులో పెట్టుకోండి. నెయ్యి మాత్రం ఇండియా నుంచి అసలు తీసుకెళ్లొద్దు, పాల పదార్థాలు, మాంసం యూరప్‌లోకి రానివ్వరు.

రైలుపిచ్చి:
చూశారా. రైల్లో అయితే జాడీ ఒళ్లో పెట్టుకుని తినొచ్చు.

సరే లెక్క వేద్దాం, ఆమ్‌స్టర్‌డామ్–ఇంటర్‌లాకెన్ ఫ్లైట్ లెక్క. హోటల్ నుంచి స్కిపోల్ ఎయిర్‌పోర్ట్ అరగంట. చెక్-ఇన్ బ్యాగులున్న 5 మంది కాబట్టి రెండున్నర గంటల ముందు. గాల్లో గంటన్నర. జ్యూరిక్‌లో బ్యాగుల కోసం ముప్పావు గంట. అక్కడి నుంచి ఇంటర్‌లాకెన్‌కి మళ్లీ రైలే, రెండు గంటల పైన, ఇంటర్‌లాకెన్‌లో ఎయిర్‌పోర్ట్ లేదు కదా. అంటే ఏడున్నర గంటలు. రైల్లో తొమ్మిది. ఈ గంటన్నర కోసం బ్యాగులకి విడిగా డబ్బులు కట్టి, షూలు విప్పి, బెల్టు తీసి...

కిటికీ సీటు:
నీ లెక్క ప్రకారమే ఫ్లైట్ ముందు చేరింది కదా అన్నా :)

రైలుపిచ్చి:
రైలు తొమ్మిది గంటల్లో కిటికీ ఉంటుంది. ఫ్లైట్ ఏడున్నరలో ఉండేది గంటన్నరే.

కిటికీ సీటు:
ఆ తొమ్మిది కూడా ఐసీఈ టైముకి వస్తే. 2024లో జర్మనీ దూరప్రాంత రైళ్లలో టైముకి నడిచినవి దాదాపు 62 శాతమే, అది కూడా 6 నిమిషాల లోపు ఆలస్యాన్ని ఆలస్యం అనకుండా. బాసెల్ కనెక్షన్ తప్పిందనుకో, తర్వాతి రైలు ఉంటుంది సరే, పెద్దవాళ్లతో ప్లాట్‌ఫాం మీద గంట కూర్చోవాలి.

రైలుపిచ్చి:
గంట దాటి లేటయితే టికెట్‌లో 25 శాతం, రెండు గంటలు దాటితే 50 శాతం వెనక్కి ఇస్తారు.

కిటికీ సీటు:
ఫ్లైట్ 3 గంటలు లేటయితే 1500 కిలోమీటర్ల లోపు దూరానికి 250 యూరోలు ఇస్తారు. వాళ్ల తప్పయితేనే, వాతావరణం బాగోలేకపోతే ఇవ్వరు అనుకో.

విజయవాడ వీసాబాబు:
మీరు కొట్టుకోండి గానీ, కుర్రాడూ, వీసా రాకముందు రిఫండ్ లేని టికెట్లు మాత్రం కొనకు. ఈ దేశాలన్నిటికీ ఒకటే షెంగెన్ వీసా, ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికే అప్లై చెయ్యాలి. నీ ప్లాన్‌లో ఇటలీ 4 రాత్రులు, ఫ్రాన్స్ 3, స్విస్ 3. అంటే ఇటలీకి వెయ్యాలి, దిగేది పారిస్‌లో అయినా సరే. 12 నిండినవాళ్లకి మనిషికి 90 యూరోలు ఫీజు, మీ బాబుకి 45, 30 వేల యూరోల ఇన్సూరెన్స్ తప్పనిసరి. పాస్‌లో నాకు నచ్చేది అదొక్కటే, వీసా చేతికొచ్చాక కొన్నా అదే రేటు. కానీ పాస్ ఉంటే సీటు ఉన్నట్టు కాదు. టీజీవీకి (ఫ్రాన్స్ ఫాస్ట్ రైలు), యూరోస్టార్‌కి, ఇటలీ ఫాస్ట్ రైళ్లకి రిజర్వేషన్ విడిగా కొనాలి, మొదటి రెండిట్లో పాస్ వాళ్లకి ఇచ్చే సీట్లు కొన్నే. స్విస్‌లో ఇంటర్‌లాకెన్ దాటి కొండెక్కే రైళ్లకి ఆ పాస్ మీద డిస్కౌంట్ మాత్రమే. నాలుగైదు ప్రయాణాలకి పాస్ దండగ, ముందుగా విడి టికెట్లు కొంటే చవక. స్విస్‌కి హాఫ్ ఫేర్ కార్డ్ తీసుకో, మంచు కొండ మీదికెళ్లే యుంగ్‌ఫ్రావ్‌యోక్ రైలు టికెట్ మీద కూడా సగం తగ్గుతుంది.

డాలస్ అక్క:
ఒక్క మాట అడగనా? మే 20 తర్వాత ఆమ్‌స్టర్‌డామ్ దేనికి?

కూకట్‌పల్లి కుర్రాడు:
ట్యులిప్ తోట అక్కా, కూకెన్‌హాఫ్. అమ్మకి చూపించాలని.

డాలస్ అక్క:
అది మే రెండో వారానికల్లా మూసేస్తారు కదా తమ్ముడూ. నువ్వెళ్లేసరికి అక్కడ పువ్వుండదు, గేటే ఉంటుంది.

కూకట్‌పల్లి కుర్రాడు:
...

గుంటూరు కారం:
రెండు రోజుల్నించి లేని పువ్వుల కోసం కొట్టుకున్నారన్నమాట.

రైలుపిచ్చి:
తోట లేకపోతే కాలువలున్నాయి, మ్యూజియంలున్నాయి. ప్లాన్ మార్చకు బ్రో, రైలు ఎక్కు. మాస్టారు లాంటి వాళ్లు ఇలా భయపెడతారు, మన పెద్దవాళ్లకి కొత్తదేదన్నా భయమే. ఎయిర్‌పోర్టులో చక్రాల కుర్చీలో కూర్చోబెడితే గౌరవం అనుకుంటారు, అసలు నడవగలిగి కూడా. మా ఆఫీసులో ఒకతని పేరెంట్స్ హైదరాబాద్‌లో రోజూ పార్కులో నాలుగు రౌండ్లు వేస్తారు, ఎయిర్‌పోర్ట్ రాగానే కుర్చీ.

తెనాలి మాస్టారు:
నడవగలిగి కూడా అన్నావు. బాగుంది.

సరే చెప్తాను, ఎప్పుడూ ఎక్కడా రాయలేదు. 2019 జూన్‌లో మా అబ్బాయి మమ్మల్నిద్దర్నీ తీసుకెళ్లాడు. 9 రోజులు, 6 ఊళ్లు, అన్నీ రైళ్లే. ఒక జంక్షన్‌లో మారడానికి 8 నిమిషాలు. ప్లాట్‌ఫాం మారిందని బోర్డు మీద చూసి వాడు రెండు పెట్టెలు పట్టుకుని పరుగు, వాడి వెనక మూడో పెట్టెతో నేను. ఎక్కేశాం. వెనక్కి తిరిగి చూస్తే మీ పిన్నిగారు ఇంకా మెట్ల దగ్గరే ఉంది, ఒక చేత్తో రెయిలింగు పట్టుకుని. తలుపు మూసుకుంది. ఆవిడ దగ్గర ఫోన్ లేదు. పాస్‌పోర్ట్ వాడి బ్యాగులో. ఇంగ్లీష్ రాదు. తర్వాతి స్టేషన్‌లో దిగి వెనక్కి వచ్చేసరికి గంటా నలభై నిమిషాలు పట్టింది. ఆవిడ అదే చోట బెంచీ మీద కూర్చుని ఉంది, బీపీ మాత్రల సంచి ఒళ్లో పెట్టుకుని. ఏడవలేదు. "పర్లేదులేరా" అంది వాడితో.

వాడు ఇప్పటికీ ఎవరింటికెళ్లినా దీన్ని జోకులా చెప్తాడు, ఆవిడ కూడా నవ్వుతుంది. కానీ తెనాలి స్టేషన్‌లో గుంటూరు వెళ్లే పాసింజర్ ఎక్కేటప్పుడు కూడా నా చొక్కా పట్టుకుంటుంది.

కిటికీ సీటు:
అయ్యో మాస్టారూ.

రైలుపిచ్చి:
బాధ కలిగించి ఉంటే సారీ అండీ. కానీ ఇందులో రైలు తప్పేముంది, 8 నిమిషాల కనెక్షన్ పెట్టి మూడు పెట్టెలు మోయించిన మీ అబ్బాయిది తప్పు.

తెనాలి మాస్టారు:
వాడి తప్పని నేనన్నానా? వాడు నాలుగు నెలల జీతం పెట్టి తీసుకెళ్లాడు. అది తప్పని చెప్పడానికి నువ్వెవరు?

రైలుపిచ్చి:
మరి ఎవరి తప్పు, రైలుదా? ఫ్లైట్‌లో అయితే కాలు నొప్పి పుట్టదా? మీ కోపం మీ అబ్బాయి మీద, దాన్ని తెచ్చి రైలు మీద పెడుతున్నారు, మధ్యలో ఈ కుర్రాడి ట్రిప్పు పాడవుతోంది.

మోడరేటర్:
ఇద్దరూ కాస్త తగ్గండి. ఇళ్ల విషయాల్లోకి వెళ్లొద్దు.

రైలుపిచ్చి:
నేనూ ఇంటి విషయమే చెప్తా, మోడరేటర్ గారు కావాలంటే తీసేయండి. మా అమ్మ 2022లో వచ్చింది. ఫాస్ట్ రైలు కాదు, రైన్ నది ఒడ్డునే వెళ్లే నెమ్మది రైల్లో కోబ్లెంజ్ నుంచి మైన్జ్ దాకా తీసుకెళ్లా. కిటికీకి తల ఆనించి రెండు గంటలు కోటలు లెక్కపెట్టింది. "మన గోదారి ముందు ఇదెంతరా, పంట కాలువ" అంది. మరుసటి ఏడాది పోయింది. ఆవిడ చూసిన యూరప్ అంతా ఆ కిటికీయే. అందుకని ఎవరైనా రైలొద్దంటే నాకు కాలుతుంది, అంతే.

తెనాలి మాస్టారు:
ఎన్ని పెట్టెలు మోశారు ఆ రోజు?

రైలుపిచ్చి:
పెట్టెలేం లేవు. మా ఇంటి నుంచే వెళ్లి సాయంత్రానికి వచ్చేశాం.

తెనాలి మాస్టారు:
అదీ సంగతి.

రైలుపిచ్చి:
అదీ సంగతి అంటే? అయినా రైలే కదా.

డాలస్ అక్క:
మీరిద్దరూ చెప్పేది రైలు గురించీ కాదు ఫ్లైట్ గురించీ కాదు. కుర్రాడూ, 12 రాత్రుల్లో 6 ఊళ్లు అంటే అయిదు సార్లు పెట్టెలు సర్దాలి. ఈ లిస్టు మీ అమ్మకి చూపించావా?

కూకట్‌పల్లి కుర్రాడు:
సర్‌ప్రైజ్ అనుకున్నా అక్కా. నిన్న రాత్రి చూపించా. అమ్మ మొత్తం చదివి, మంచు ఒక్కసారి చేత్తో పట్టుకుంటే చాలు, మిగతావి మీకోసం చూసుకోండి అంది. ట్యులిప్ తోట ఎప్పుడో సినిమా పాటలో చూసి బావుంది అన్నదట, నేనే పట్టుకుని కూర్చున్నా. నాన్న మాత్రం మీకెలా వీలైతే అలా అన్నారు.

తెనాలి మాస్టారు:
ఆ మాట నమ్మకు. మేమందరం అలాగే అంటాం.

విజయవాడ వీసాబాబు:
మంచు కోసమైతే ఒక జాగ్రత్త. యుంగ్‌ఫ్రావ్‌యోక్ స్టేషన్ 3454 మీటర్ల ఎత్తు, బీపీ ఉన్నాయన డాక్టర్‌ని అడిగి ఎక్కాలి. గ్రిండెల్‌వాల్డ్ నుంచి ఐగర్ ఎక్స్‌ప్రెస్ కేబుల్ కార్‌లో 15 నిమిషాల్లో ఐగర్‌గ్లెచర్, అక్కడి నుంచి పైకి రైలు. పైన గబగబా నడవకుండా ఉంటే చాలామంది పెద్దవాళ్లు బాగానే తిరిగొస్తారు. మబ్బు పడితే పైన తెల్లగోడ తప్ప ఏం కనపడదు, కాబట్టి ముందే టికెట్ కొనకుండా పొద్దున్నే వెబ్‌క్యామ్ చూసి కొనండి. దీనికి కూడా అక్కడ ఎక్కువ రోజులుండాలి.

కూకట్‌పల్లి కుర్రాడు:
ప్లాన్ మార్చా. ఆమ్‌స్టర్‌డామ్, వెనిస్, ఫ్లోరెన్స్ తీసేశా. మా ఆవిడ వెనిస్ తీసినందుకు మాట్లాడట్లేదు, అది వేరే టాపిక్. పారిస్ 4, ఇంటర్‌లాకెన్ 5, రోమ్ 3. పారిస్ నుంచి బాసెల్ మీదుగా రైలు, మారేచోట గంట టైం పెట్టుకుంటా. జ్యూరిక్ నుంచి రోమ్ ఫ్లైట్, అమ్మకి వీల్‌చెయిర్.

విజయవాడ వీసాబాబు:
అయితే వీసా ఇప్పుడు స్విస్‌కి వెయ్యాలి, ఇటలీకి కాదు. ఫారం నింపేశావా ఏంటి?

రైలుపిచ్చి:
ఇంటర్‌లాకెన్ నుంచి రోమ్‌కి కూడా రైలుంది బ్రో. స్పీట్స్‌లో ఎక్కితే మిలాన్, మిలాన్ నుంచి రోమ్ 3 గంటలు. ఆల్ప్స్ మధ్యలోంచి. ఒక్కసారి ఆలోచించు.

తెనాలి మాస్టారు:
పెట్టెలెన్ని?

కూకట్‌పల్లి కుర్రాడు:
5 పెద్దవి, 2 చిన్నవి మాస్టారూ.

తెనాలి మాస్టారు:
3 చెయ్. తర్వాత రైలెక్కినా సరే. అమ్మకి ఒక ఫోన్, అందులో సిమ్, పాస్‌పోర్ట్ కాపీ, హోటల్ అడ్రస్ ఆవిడ చేతి సంచిలోనే పెట్టు. నీ బ్యాగులో కాదు.

గుంటూరు కారం:
3 పెట్టెలైతే మరి ఆవకాయ ఎందులో?