అణుబాంబు వల్ల లక్షల ప్రాణాలు దక్కాయన్న వాదన నిలుస్తుందా?

ప్రశ్న (గుంటూరు నాన్న)

మా అబ్బాయి తొమ్మిదో తరగతి. వచ్చే వారం బడిలో చర్చా పోటీ ఉంది. అంశం ‘1945లో జపాన్‌పై అణుబాంబు ప్రయోగం సమర్థనీయమే’. వాడికి అనుకూల పక్షం వచ్చింది. అమెరికా సైన్యం జపాన్ గడ్డ మీద దిగి ఉంటే ఇరువైపులా లక్షల మంది చనిపోయేవారు, బాంబుతో యుద్ధం ఆగిపోయింది, కాబట్టి ప్రాణాలు దక్కాయి అని రాసుకున్నాడు. చదివి వినిపిస్తే లెక్క సరిగ్గానే అనిపించింది, కానీ మనసు ఒప్పుకోలేదు. ఎందుకో వాడికి చెప్పలేకపోయాను. పక్షం మార్చుకునే వీలు లేదు. కనీసం తెలిసి మాట్లాడాలని నా కోరిక. వివరించగలరా?

జవాబు (శ్రీకాకుళం వాసి)

మీ అబ్బాయి మాటను తీసిపారేయకండి. మా తాతగారి చిన్నాన్న మలయా రబ్బరు తోటలకు కూలికి వెళ్లారు. 1942లో ఆ దేశం జపాన్ చేతికి చిక్కాక, తోటల్లోని మనుషులను సయాం (ఇప్పటి థాయ్‌లాండ్)–బర్మా రైలు మార్గం పనికి తోలుకుపోయారు. తమిళులే ఎక్కువ, వారిలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. 415 కిలోమీటర్ల దారి, అడవి, కలరా, ఆకలి. అదే పనిలో పోయిన యుద్ధఖైదీల సమాధులకు రాళ్లున్నాయి. కూలీలను లెక్కపెట్టినవారే లేరు. పోయినవారు 90 వేల దాకా ఉంటారని ఒక అంచనా. మా పెద్దాయన కబురు మళ్లీ రాలేదు.

1945 ఆగస్టు నాటికి కూడా చైనా నుంచి ఇండోనేషియా దాకా జపాన్ సైన్యం కింద జనం చస్తూనే ఉన్నారు. మార్చిలో టోక్యో మీద నిప్పుబాంబులు వేస్తే ఒక్క రాత్రిలో దాదాపు లక్ష మంది పోయారు. అయినా ప్రభుత్వం లొంగలేదు. యుద్ధం నెల ముందు ముగిసినా బతికే మనుషుల తరఫున కూడా ఎవరో ఒకరు మాట్లాడాలి కదా!

జవాబు (విశాఖ నర్సమ్మ)

శ్రీకాకుళం బాబూ, మీ పెద్దాయన గురించి రాసి మంచి పని చేశారు. ఆ కూలీల మాట ఎత్తేవారే తక్కువ. ఇక గుంటూరు వారికి, నాకు తెలిసిన వైపు నుంచి చెబుతాను. నేను కాలిన గాయాల వార్డులో ఏళ్ల తరబడి పనిచేసి రిటైరైన నర్సును.

యాభై కిలోల మనిషికి ఒళ్లు నలభై శాతం కాలిందనుకోండి. మొదటి 24 గంటల్లో సుమారు 8 లీటర్ల సెలైన్ ఎక్కించాలి. అందులో సగం మొదటి ఎనిమిది గంటల్లోనే వెళ్లాలి. కాలిన చేతికి నరం దొరకదు. గంటగంటకూ మూత్రం కొలవాలి. కట్టు మార్చేటప్పుడు ఒకరు పట్టుకోవాలి, ఒకరు విప్పాలి, ఒకరు తల దగ్గర నిలబడి మాట్లాడుతూ ఉండాలి. ఇదంతా ఒక్క మనిషికి. పెళ్లి వంటశాలలో గ్యాస్ అంటుకుని ఏడెనిమిది మంది ఒకేసారి వచ్చిన రాత్రి, పక్క వార్డుల నుంచి చేతులు అరువు తెచ్చుకున్నాం.

ఆగస్టు 6 ఉదయం 8:15కి హిరోషిమా నడిబొడ్డున, నేలకు సుమారు 600 మీటర్ల ఎత్తులో బాంబు పేలింది. ఏడాది చివరికి పోయినవారు దాదాపు 1,40,000. ఊళ్లోని డాక్టర్లు, నర్సుల్లో పదింట తొమ్మిది మంది చనిపోయారు లేదా గాయపడ్డారు. నేను ఎప్పుడూ ఆగిపోయేది ఇక్కడే. మామూలు యుద్ధంలో గాయపడినవాడికి ఎక్కడో ఒక చోట ఒక డేరా, ఒక దూదిపింజ, ఒక మనిషి ఉంటారన్న ఆశ ఉంటుంది. ఈ ఆయుధం గాయాన్నీ, దాన్ని కట్టే చేతులనూ ఒకే క్షణంలో తీసుకుపోతుంది. అందుకే దీన్ని ‘మరింత పెద్ద బాంబు’ అని నేను అనలేను.

పేలుడు కేంద్రానికి కిలోమీటరున్నర దూరంలో రెడ్‌క్రాస్ ఆసుపత్రి ఉండేది. కాంక్రీటు కట్టడం కాబట్టి నిలబడింది. భద్రంగా దాచిన ఎక్స్‌రే ఫిల్ములు తెరవకుండానే రేడియేషన్‌కు మసకబారిపోయాయి. ఇది మామూలు బాంబు కాదని అక్కడి డాక్టర్లకు దొరికిన ఆధారాల్లో అదొకటి. ఒంటి మీద గీత కూడా పడనివారికి రెండు మూడు వారాల తర్వాత జుట్టు ఊడింది, చిగుళ్ల నుంచి నెత్తురు కారింది, చర్మం మీద ఊదారంగు మచ్చలు లేచాయి. చూసేవారికి అదేం జబ్బో తెలియదు. పైగా సెప్టెంబరు నుంచి అమెరికా ఆక్రమణ సైన్యం పత్రికల మీద ఆంక్షలు పెట్టింది. 1947లో అమెరికా అక్కడ ఒక పరిశోధనా సంస్థను నెలకొల్పింది. అది రక్తం తీసుకుంది, ఎత్తు కొలిచింది, ఫొటోలు తీసింది. వైద్యం మాత్రం చేయలేదు. ఒక నర్సుగా ఇది నేను క్షమించలేను.

ఇక మీ అబ్బాయి లెక్క. అందులో ఒక వైపు చనిపోయినవారు, మరో వైపు చనిపోయి ఉండేవారు. మొదటివారికి పేర్లున్నాయి. రెండోవారి సంఖ్య ఎవరు వేశారన్న దాన్ని బట్టి మారుతుంది. అమెరికా సైన్యానికే పది లక్షల మంది మరణాలు, గాయాలు తప్పేవి కావన్న మాట బాగా వ్యాపించింది 1947లో మాజీ యుద్ధమంత్రి స్టిమ్సన్ రాసిన వ్యాసంతో. 1945 జూన్‌లో సైనిక ప్రణాళికాధికారులు వేసిన ఒక అంచనాలో మరణాలు 50 వేల లోపే. ఇంకా పెద్ద అంచనాలూ ఉన్నాయి. ఏది ఎంచుకున్నామో, ఎందుకో పోటీలో చెప్పమనండి.

హిరోషిమాలో సైనిక కేంద్రం ఉన్న మాట నిజం. కానీ గురి పెట్టింది ఊరి మధ్యనున్న అయోయి వంతెన మీద. ఆ ఉదయం వేల మంది బడి పిల్లలు వీధుల్లో ఉన్నారు. నిప్పు వ్యాపించకుండా ఇళ్లు కూల్చి ఖాళీ జాగా చేసే పనికి వారిని పంపారు. అక్కడి మ్యూజియంలో ఒక పిల్లవాడి భోజనం డబ్బా ఉంది. లోపలి అన్నం బొగ్గయిపోయింది. శవం కింద ఉన్న ఆ డబ్బాను చూసి, తన బిడ్డేనని తల్లి గుర్తుపట్టింది. వాడు ఏ రైలు మార్గం వేశాడు?

జవాబు (శ్రీకాకుళం వాసి)

అమ్మా, ఆ పిల్లవాడు ఏ పాపమూ ఎరగడు, ఒప్పుకుంటాను. కానీ లొంగుబాటుకు వేరే దారి ఏముంది? పాలకులు మొండికేస్తే ఎంతకాలం ఆగాలి?

జవాబు (విశాఖ నర్సమ్మ)

దారులు లేకపోలేదు బాబూ, వాటిని వాడి చూడలేదు. జపాన్ లొంగిపోవాలంటూ మిత్రదేశాలు జూలై 26న చేసిన పోట్స్‌డామ్ ప్రకటనలో చక్రవర్తిని ఉంచుతామనే మాట లేదు. జపాన్ పాలకులు పట్టుబట్టింది ప్రధానంగా దాని గురించే. చివరికి ఆయనను ఉంచనే ఉంచారు. ఆగస్టు 8న సోవియట్ యూనియన్ యుద్ధం ప్రకటించింది. మధ్యవర్తిత్వం చేస్తుందని టోక్యో ఎదురుచూసింది ఆ దేశం కోసమే. బాంబు లేకపోయినా 1945 ముగిసేలోపే జపాన్ లొంగేదని 1946లో అమెరికా ప్రభుత్వ సర్వేయే రాసింది. ఆ మాటను తప్పుపట్టే చరిత్రకారులూ ఉన్నారు. అది తేలని చర్చ. తేలనిదాన్ని పట్టుకుని లక్ష మందిని చంపడం న్యాయమని చెప్పడానికి నాకు నోరు రాదు.

జవాబు (హైదరాబాద్ న్యాయవాది)

చట్టం వైపు నుంచి రెండు మాటలు. 1963లో టోక్యో జిల్లా కోర్టు ఈ బాంబు దాడులు అంతర్జాతీయ చట్టానికి విరుద్ధమని తేల్చింది, అయితే బాధితులకు పరిహారం ఇప్పించలేదు. 1996లో అంతర్జాతీయ న్యాయస్థానం అణ్వాయుధాల ప్రయోగం సాధారణంగా చట్టవిరుద్ధమే అంటూనే, దేశం ఉనికికే ముప్పు వచ్చిన సందర్భంలో ఏమిటన్నది తేల్చలేకపోయింది. ఓట్లు ఏడు–ఏడుగా చీలాయి, అధ్యక్షుడి ఓటుతో ముగిసింది. అణ్వాయుధాలు చట్టవిరుద్ధమని అప్పుడు వాదించిన దేశాల్లో భారత్ ఒకటి. రెండేళ్లకే పోఖ్రాన్‌లో మళ్లీ పరీక్షలు చేశాం. 2003లో, ముందుగా ప్రయోగించబోమని అధికారికంగా ప్రకటించాం. పిల్లలు హిరోషిమా గురించి వాదించేటప్పుడు ఇది వేరే దేశం కథ కాదని కూడా తెలియాలి.

గుంటూరు నాన్న

అందరికీ కృతజ్ఞతలు. మీ జవాబులన్నీ వాడి చేత చదివించాను. వాడి సందేహం: ‘సిస్టర్ గారూ, అవతలి పక్షం నన్ను ఏ ప్రశ్నతో ఇరికిస్తుంది?’

జవాబు (విశాఖ నర్సమ్మ)

నాగసాకి గురించి అడుగుతారు నాన్నా. మొదటి బాంబుకూ రెండోదానికీ మధ్య మూడు రోజులే గడువు. ఆగస్టు 9 ఉదయం టోక్యోలో యుద్ధమండలి కూర్చుని లొంగుబాటు గురించే వాదించుకుంటోంది. ఆ సమావేశం నడుస్తుండగానే 11:02కి నాగసాకి మీద బాంబు పడింది. అసలు లక్ష్యం కొకురా. అక్కడ నేల కనిపించకపోవడంతో విమానం ఇటు మళ్లింది. ఆ ఏడాది చివరికి అక్కడ పోయినవారు దాదాపు 70,000. యుద్ధం ఆపడానికే బాంబు వేశారని నువ్వు వాదిస్తే, ఆ సమావేశం ముగిసేదాకా ఎందుకు ఆగలేదో నువ్వే చెప్పాల్సి వస్తుంది.