నాయన పాత లెన్సులు సోనీ ఏ6400 కి పెడితే ఒక్కోదానికి ఒక్కో ఇబ్బంది, తెలిసినోళ్లు చెప్పండన్నా

పెన్నగట్టు (నెల్లూరు):
అన్నా అందరికీ నమస్తే. మా నాయన నెల్లూరులో చానా ఏళ్లు స్టూడియో నడిపినాడు, చూపు ఆనక ఈమధ్యనే మానేసినాడు. ఆయన లెన్సులు మూడు బీరువాలో ఉండాయి, ఎఫ్ఎమ్2 అనే నికాన్ ఫిల్ము కెమెరాతో వాడిన 50 ఎమ్ఎమ్ ఎఫ్ 1.8, డిజిటల్ వచ్చినాక కొన్న 35 ఎమ్ఎమ్ ఎఫ్ 1.8 జీ, ఇంకా జెనిట్ కెమెరాతో వచ్చిన హీలియోస్ 44-2. నేను పోయిన నెల సోనీ ఏ6400 బాడీ ఒక్కటే తీసుకున్నా, లెన్సులకి డబ్బు చాల్లేదు, ఇవి ఉండాయి కదా అని వేరే కంపెనీ లెన్సుని కెమెరాకి కలిపే అడాప్టర్లు ఆన్‌లైన్లో రెండు తెప్పించా, నికాన్‌కి ఒకటి హీలియోస్ మరకి ఒకటి.

ఇప్పుడు సంగతేందంటే, ఏ లెన్సు పెట్టినా తెర మీద బొమ్మ కనపడతా ఉంది గానీ బటన్ నొక్కితే షట్టర్ పడడంలా. 35 పెడితే మిట్టమధ్యాహ్నం కూడా చీకటిగా గింజలు గింజలుగా కనపడతా ఉంది. 50 తో దగ్గరవి బ్రహ్మాండంగా ఉండాయి కానీ కోవూరు వైపు గట్టు మీద నిలబడి రంగనాయకుల గుడి గాలిగోపురం చూస్తే రింగు చివరిదాకా తిప్పినా కలశాలు మసగ్గానే ఉండాయి. హీలియోస్‌కి అపెర్చర్ (వెలుతురు వచ్చే కంత) రింగు తిప్పితే క్లిక్ క్లిక్ అంటంది, లోపల రేకులు మాత్రం కదలట్లేదు. లెన్సులు పాడైపోయినాయా? నాయనకి ఇంకా చెప్పలా, బాధపడతాడని.

ఒంగోలుగిత్త (ఒంగోలు):
తమ్ముడూ కంగారు పడబాక, నువ్వు చెప్పినదాంట్లో లెన్సు పాడైన లక్షణం ఒక్కటి కూడా లేదు. వరసగా చెప్తా.

షట్టర్ సంగతి: నీ అడాప్టర్ ఉత్త గొట్టం, దాంట్లో కరెంటు కాంటాక్టులు లేవు, కెమెరా లెన్సుతో మాట్లాడాలని చూస్తది, జవాబు రాదు, లెన్సే లేదనుకుంటది. మెనూలో రిలీజ్ వితౌట్ లెన్స్ అని ఉంటది, దాన్ని ఎనేబుల్ చెయ్యి, మూడూ పడతాయి. మోడ్ ఎమ్ (అంతా మనమే పెట్టుకునేది) గానీ ఏ (షట్టర్ వేగం కెమెరానే చూసుకునేది) గానీ పెట్టుకో.

35 సంగతి: దాన్ని కెమెరా నుంచి తీసి వెనక్కి తిప్పి వెలుతురు వైపు పట్టుకో. వెనక అంచున చిన్న లోహపు పుల్లలాంటి మీట ఉంటది. దాన్ని గోటితో మెల్లగా నెట్టు, రేకులు విచ్చుకుంటాయి, వదిలితే స్ప్రింగు లాగి మళ్లీ మూసుకుంటాయి. నికాన్ బాడీలో ఆ మీటని కెమెరానే పట్టుకుని తెరిచి ఉంచుద్ది. నీ గొట్టంలో పట్టుకునేది లేదు, అందుకని లెన్సు ఎఫ్ 22 దగ్గర, అంటే అన్నిటికన్నా చిన్న కంత దగ్గర మూసుకుని కూర్చుంది, చీకటి అందుకే. జీ లెన్సుకి అపెర్చర్ రింగే ఉండదు గదా. జీ లెన్సుల కోసమని రింగున్న అడాప్టర్ విడిగా దొరుకుద్ది, ఆ రింగు తిప్పితే లోపల మీట కదులుద్ది. దాని మీద ఎఫ్ నంబర్లుండవు, వెలుతురు చూసి అంచనా వేసుకోవాల్సిందే. ఇట్టాంటి ఉత్త గొట్టాలతో ఆటోఫోకస్ మూడింటిలో దేనికీ రాదు, ఆ ఆశ పెట్టుకోబాక.

హీలియోస్ 44-2 కి ముందు రెండు రింగులుండాయి చూడు. క్లిక్ అనేది ఎంతవరకు మూయాలో హద్దు పెట్టేది మాత్రమే, రేకుల్ని నిజంగా కదిలించేది క్లిక్ లేకుండా జారే రెండోది. ముందు క్లిక్ రింగు 5.6 లో పెట్టి తర్వాత రెండోది తిప్పి చూడు.

కావలి కెమెరా (కావలి):
50 గురించి నేను చెప్తా, నాకూ ఇదే జరిగింది. నికాన్‌లో లెన్సు కూర్చునే అంచు నుంచి ఫిల్ము దాకా 46.5 ఎమ్ఎమ్, మధ్యలో అద్దం ఉండాలి కాబట్టి. సోనీలో అద్దం లేదు, 18 ఎమ్ఎమ్ చాలు. ఆ తేడా 28.5, నీ గొట్టం పొడవు సరిగ్గా అంత ఉండాలి. ఏ కొంచెం లావున్నా దూరంవి ఫోకస్‌లోకి రావు, కొంచెం పలచనైతే రింగు చివరికి రాకముందే వస్తాయి, దాంతో నష్టం లేదు.

తప్పు లెన్సుదా అడాప్టర్‌దా తేల్చుకోవాలంటే మీ ఇంట్లోనే పరికరం ఉంది. అదే 50 ని ఎఫ్ఎమ్2 కి పెట్టి అదే గోపురం వైపు చూడు. ఫిల్ము అక్కర్లా, వ్యూఫైండర్‌లో చూస్తే చాలు. కలశాలు అక్కడ స్పష్టంగా వస్తే లెన్సు బంగారం, అడాప్టరే తేడా.

పెన్నగట్టు:
అన్నా షట్టర్ పడింది!! హీలియోస్ రేకులు కూడా కదిలినాయి, నాకు తెలవక వారం రోజులు భయపడినా. ఎఫ్ఎమ్2 లో చూసినా, కలశాలు గీత గీసినట్టు స్పష్టంగా ఉండాయి. మా వీధిలో లేత్ పనిచేసే అన్న దగ్గర వెర్నియర్‌తో అడాప్టర్ కొలిపించా, 28.7 వచ్చింది. 0.2 ఎమ్ఎమ్ కి ఇంత తేడానా అన్నా? అరగదీయిస్తే సరిపోద్దా?

కావలి కెమెరా:
0.2 చిన్నదేం కాదు. లెక్క చూడు, 50 ని 50 తో గుణించి 0.2 తో భాగిస్తే 12,500 ఎమ్ఎమ్, అంటే పన్నెండున్నర మీటర్లు. రింగు ఇన్ఫినిటీ (చివరి దూరం గుర్తు) మీద పెట్టినా నీ లెన్సు ఫోకస్ పన్నెండున్నర మీటర్ల దగ్గరే ఆగిపోతది. ఇంట్లో మనుషులు బాగా వచ్చి గోపురం రాకపోడానికి కారణం అదే.

అరగదీయించొద్దు. రెండు ముఖాలూ సమానంగా రాకపోతే ఫోటోలో ఎడమ పక్క ఫోకస్, కుడి పక్క మసక అవుద్ది, అది ఇంకా పెద్ద తలనొప్పి. వాపసు ఇచ్చి ఇంకోటి తెప్పించు. కొత్తది రాగానే బిగించి అటూ ఇటూ ఆడించి చూడు, వదులుంటే అదీ వాపసే. లోపల లోహం తళతళలాడతా ఉంటే ఎండలో ఫోటో మధ్యలో తెల్లటి మబ్బులాగ వస్తది, లెన్సు మీద అనుమానపడబాక, లోపలి గోడకి నల్ల వెల్వెట్ అంటించు, నూలు రాలకుండా అంచులు బాగా అతికించాలి. నేను టైలర్ దగ్గర ముక్క అడిగి తెచ్చుకున్నా.

ఒంగోలుగిత్త:
ఫోకస్ చేసేటప్పుడు అపెర్చర్ మొత్తం తెరిచి, ఫోకస్ మాగ్నిఫైయర్‌తో కన్ను మీదకి పెద్దది చేసి సరిచేసి, తర్వాత 4 కో 5.6 కో మూసి కొట్టు. ఫోకస్‌లో ఉన్న అంచులకి కెమెరా వేసే పీకింగ్ రంగు గీతల్ని ఎఫ్ 1.8 దగ్గర నమ్మబాక, కనురెప్పల మీద రంగు కనపడుద్ది, కంప్యూటర్లో చూస్తే ఫోకస్ చెవి మీదుంటది. ఇంకోటి, ఏ6400 బాడీలో చెయ్యి వణుకుని సరిచేసే స్టెబిలైజేషన్ లేదు, సెన్సార్ ఫిల్ముకన్నా చిన్నది కాబట్టి 50 నీకు 75 లాగ కనపడుద్ది, చేత్తో కొడితే షట్టర్ వేగం 1/125 కి తగ్గొద్దు.

కదిలేవాటికి వేరే పద్ధతి. మా పక్క బండలాగుడు పోటీల్లో ఎద్దుల జత వచ్చేటప్పుడు రింగు తిప్పతా కూర్చుంటే ఒక్కటీ దొరకదు. నేను 50 ని 5 మీటర్ల దగ్గర పెట్టి ఎఫ్ 11 చేస్తా, సుమారు మూడున్నర మీటర్ల నుంచి తొమ్మిది దాకా అంతా నిలబడుద్ది, ఇంక ఎద్దులు ఆ మేరలోకి రాగానే నొక్కడమే. ఎంత మేర ఫోకస్‌లో ఉంటదో చూపే లోతు గీతలు లెన్సు మీద ఉంటాయే, అవి ఫిల్ము సైజుకి గీసినవి, నీ చిన్న సెన్సార్‌కి ఎఫ్ 11 పెట్టినప్పుడు ఎఫ్ 8 గీతలు చూసుకో.

పెన్నగట్టు:
కొత్త అడాప్టర్ వచ్చిందన్నా, 28.4 ఉంది, కలశాలు రింగు చివరికి ఒక వెంట్రుకవాసి ముందే స్పష్టంగా వచ్చినాయి. నాయనకి చూపిస్తే ఆయన ఏం మాట్లాడకుండా లెన్సు చేతిలోకి తీసుకుని కళ్లు మూసుకుని రింగు తిప్పి, మూడు మీటర్లు అన్నాడు, చూస్తే గీత సరిగ్గా 3 మీదుంది.

ఇంకొక్క సందేహం. మొబైల్ టార్చ్ వేసి చూస్తే హీలియోస్ లోపల అంచున సాలెగూడు దారాల్లాగ ఉండాయి, మిగతా రెండూ శుభ్రంగానే ఉండాయి.

ఒంగోలుగిత్త:
అది ఫంగస్. తోలు కేసులో పెట్టి ఉంటారు, మన సముద్రం గాలికి ఆ తోలు తేమ పట్టి వదలదు. కేసు పారెయ్యి. హీలియోస్‌ని మిగతా రెండిటితో కలిపి పెట్టొద్దు, ఈరోజే విడదీయి. గాలి చొరబడని డబ్బా, సిలికా జెల్, తేమ కొలిచే మీటరు కాస్త మంచిది ఒకటి, 40 నుంచి 50 శాతం మధ్య ఉంచు. అంచునే ఉంది కాబట్టి ఫోటోలో ఇప్పటికైతే తెలీదు, కానీ ముదిరితే గ్లాసు పూతని తినేస్తది, లెన్సు విప్పే అనుభవమున్న మనిషికిచ్చి వానాకాలం రాకముందే తుడిపించు. నువ్వే విప్పబాక, ఫోకస్ మర ఒక చుట్టు తేడాగా ఎక్కినా మళ్లీ కలశాలు కనపడవు.

పెన్నగట్టు:
సరేనన్నా. హీలియోస్‌ని ఇప్పుడే వేరే డబ్బాలో పెట్టినా, తోలు కేసు నాయన పారేయొద్దన్నాడు, ఖాళీదే గోడకి తగిలించినా.