నల్లగొండలో నీళ్ల గోస ఉండగా సముద్రపు మట్టి మీద పీహెచ్‌డీ ఎందుకు?

దేవరకొండ అమ్మాయి:
ఎమ్మెస్సీ జియాలజీ అయిపోయింది. సముద్ర అవక్షేపాలు, రిజర్వాయర్ శిలల మీద పీహెచ్‌డీ చేయాలని ఉంది. సముద్రం అడుగున పేరుకున్న ఇసుక, బురద రాయిగా మారాక అందులో చమురు, గ్యాస్ ఎట్లా నిలుస్తాయి, ఎట్లా కదులుతాయి అన్నది ఆ చదువు. మా మామయ్య మాత్రం "మర్రిగూడలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగినవాళ్లను చూస్తూ పెరిగి, ఇప్పుడు సముద్రం సంగతి చదువుతావా?" అన్నాడు. రాత్రంతా నిద్ర పట్టలేదు. మీరేమంటారు?

మునుగోడు రైతు:
మీ మామయ్య మాటే నాది కూడా చెల్లె. ఆరు బోర్లు వేయించాను, నాలుగింట్లో పొడి తప్ప చుక్క రాలేదు. నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ 1970లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి తెచ్చింది. దానికి నల్లగొండ టెక్నిక్ అనే పేరు పడింది. మన జిల్లా పేరు దేశానికి రోగంతోనే తెలిసింది. చమురు రాళ్లు చదివేవాళ్లు ఎక్కడైనా దొరుకుతారు, మన రాయిని చదివేవాళ్లు కావాలి.

మిర్యాలగూడ లెక్చరర్:
అన్న బాధ నిజం. కానీ సముద్రం మనకు పరాయిది అంటే ఒప్పుకోను. సాగర్ చుట్టుపక్కల గుట్టల మీదికి ఎక్కి చూడండి. కింద సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్, దాని మీద శ్రీశైలం క్వార్ట్‌జైట్, అంటే ఇసుక గట్టిపడి రాయైన పొరలు. ఆ పొరల మీద అలలు గీసిన గీతలు ఇప్పటికీ చేతికి తగులుతాయి. మొదటిసారి పిల్లలను తీసుకెళ్లి చూపించినప్పుడు నాకే ఒళ్లు జలదరించింది. హుజూర్‌నగర్, మఠంపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలకు వెళ్లే సున్నపురాయి, తాండూరు నాపరాయి అన్నీ ఒకప్పుడు సముద్రం అడుగే.

ఇంకో మాట. రాయిలో ఖాళీ ఎంత ఉంది, ఆ ఖాళీలు ఒకదానితో ఒకటి కలిశాయా? రిజర్వాయర్ శిలలో అడిగేది ఈ రెండు ప్రశ్నలే. ఆ లెక్కకు మూలమైన సూత్రాన్ని 1856లో ఫ్రాన్స్‌లోని డిజోన్ ఊరి మంచినీళ్ల కోసం, ఇసుకలోంచి నీరు ఎంత దిగుతుందో కొలిచి, డార్సీ అనే ఇంజనీరు రాశాడు. చమురువాళ్లు తర్వాత అందుకున్నారు.

మునుగోడు రైతు:
సార్, ఆ లెక్క ఇసుకకు. మా చేను కింద ఉన్నది గ్రానైట్. దాంట్లో ఖాళీలు ఉండవు. గ్యాప్, అంటే రాతిలో పగులు, తగిలితేనే నీళ్లు, లేకపోతే లేదు.

కల్వకుర్తి నుంచి:
అన్న చెప్పిన గ్యాప్ దగ్గరే అసలు విషయం ఉంది. 2006లో కృష్ణా-గోదావరి బేసిన్‌లో జాయిడెస్ రిజల్యూషన్ ఓడ సముద్రం అడుగున తవ్వినప్పుడు మీథేన్ మంచు, అంటే నీటితో కలిసి మంచులా గడ్డకట్టిన మీథేన్ గ్యాస్, దొరికింది. ఒకచోట అది బంకమట్టి పగుళ్లలోనే వంద మీటర్లకు పైగా మందాన ఉంది. వియత్నాంలో బాక్ హో అనే చోట చమురు ఎక్కువగా వచ్చేది పగిలిన గ్రానైట్ నుంచే. పగుళ్లు ఏ దిక్కుకు పోతాయి, ఎంత లోతున మూసుకుపోతాయి అన్నది సముద్రంలో నేర్చుకున్నా మునుగోడులో పనికొస్తుంది.

మునుగోడు రైతు:
ఫ్లోరైడ్ సంగతి? అది పగుళ్లతో పోయేది కాదు కదా.

మిర్యాలగూడ లెక్చరర్:
పోదు. గ్రానైట్‌లోని ఖనిజాల నుంచే అది నీళ్లలోకి కరుగుతుంది. అయితే నీరు రాయిలో ఎంత ఎక్కువ కాలం నిలిస్తే ఫ్లోరైడ్ అంత ఎక్కువగా కరిగే వీలుంటుంది. నీరు ఎంత మెల్లగా కదులుతుందో తెలియాలంటే మళ్లీ ఆ పగుళ్ల దగ్గరికే రావాలి. కానీ ఒకటి, అమ్మా. సముద్రం చదివినవాళ్లలో చాలామంది మళ్లీ ఇటు చూడరు. అన్న కోపం అక్కడే ఉందనుకుంటా. అది న్యాయమైన కోపం.

దేవరకొండ అమ్మాయి:
అవును సార్, నాకూ ఆ భయమే ఉంది. అన్నా, ఆరు బోర్లలో ఎన్ని అడుగుల దగ్గర ఏ రంగు పొడి వచ్చింది, గ్యాప్ ఎక్కడ తగిలింది, ఎక్కడైనా రాసి పెట్టుకున్నారా?

మునుగోడు రైతు:
నా మాట మారలేదు చెల్లె, నువ్వు నీళ్లే చదవాలి. రాసి పెట్టుకోలేదు గానీ, ఆఖరి బోరు పొడి గట్టు మీద కుప్పగా అట్లనే ఉంది. బోరుబండి మేస్త్రీకి అడుగులు గుర్తుంటాయి. రేపు పొద్దున ఫోన్ చేసి కనుక్కుంటా.