ఉద్యోగుల ఖర్చుల యాప్: ఒక్క షేర్‌పాయింట్ లిస్టు సరిపోతుందా?

ప్రశ్న (బాలానగర్)

అందరికీ నమస్కారం. యంత్రాల మరమ్మతులు చేసే ఒక చిన్న సంస్థలో ఖాతాలు చూస్తున్నాను. మా సర్వీసు ఇంజినీర్లు పటాన్‌చెరు, జీడిమెట్ల, చర్లపల్లి కర్మాగారాలకే కాక విజయవాడ వరకూ వెళ్తుంటారు. ఖర్చుల బిల్లులను వాళ్లు వాట్సాప్‌లో పంపితే, నేను ఎక్సెల్‌లో ఎక్కించి, మేనేజర్ గారి ఆమోదం తీసుకుని, ఆపైన ట్యాలీలో వోచరు వేస్తున్నాను. ఇదంతా పూర్తయ్యేలోగా ఇంజినీరు సొంత డబ్బు వారాల తరబడి ఇరుక్కుపోతోంది. అది నాకు చాలా బాధగా ఉంది. మాకు మైక్రోసాఫ్ట్ 365 ఉంది కనుక, పెద్దగా కోడ్ రాయకుండానే యాప్‌లు తయారుచేసే దాని పవర్ యాప్స్‌తో ఒక యాప్ తయారుచేయాలనుకుంటున్నాను. పేరు, తేదీ, మొత్తం, బిల్లు ఫోటో, ఆమోదం అనే గడులతో ఒక్క షేర్‌పాయింట్ లిస్టు (ఆన్‌లైన్‌లో అందరూ పంచుకునే పట్టిక) పెట్టుకుంటే సరిపోతుందా?

జవాబు (మాదాపూర్, యాప్‌ల తయారీ)

ఒక్కటి చాలదండీ. ఒక ప్రయాణంలో బస్సు టికెట్టు, లాడ్జి బిల్లు, నాలుగైదు ఆటో ఖర్చులు ఉంటాయి. మేనేజర్ ప్రయాణం మొత్తాన్ని ఆమోదిస్తూనే ఒక్క బిల్లులో కోత పెట్టవచ్చు. అందువల్ల క్లెయిములకు (ఒక్కో ప్రయాణానికి ఇంజినీరు తిరిగి ఇమ్మని అడిగే ఖర్చులకు) ఒక లిస్టు, వాటిలోని బిల్లులకు మరో లిస్టు పెట్టి, రెండింటినీ క్లెయిమ్ నంబరుతో కలపండి. అడిగిన మొత్తానికి, మంజూరైన మొత్తానికి వేర్వేరు గడులు ఉండాలి. భత్యం, బస పరిమితులను మూడో లిస్టులో ఉంచి, బిల్లు సమర్పించిన నాటి పరిమితిని ఆ బిల్లు వరుసలోనే నకలు చేసిపెట్టండి. లేకపోతే రేట్లు మారిన తరువాత పాత క్లెయిములు తప్పుగా కనిపిస్తాయి.

అన్నింటికన్నా జాగ్రత్త పడవలసిన సంగతి మరొకటి ఉంది. వడపోతను, కూడికను షేర్‌పాయింట్‌కే అప్పగించడం కుదరనప్పుడు పవర్ యాప్స్ మామూలుగా మొదటి 500 వరుసలనే తెచ్చుకుని లెక్కిస్తుంది. సెట్టింగుల్లో దాన్ని 2000 వరకే పెంచగలం. వాడేవారికి ఏ హెచ్చరికా కనిపించదు, మొత్తం మాత్రం తక్కువగా వస్తుంది. షేర్‌పాయింట్ మీద సమ్ (కూడిక) ఫార్ములాది ఇదే పరిస్థితి. కాబట్టి సమర్పించేటప్పుడే మొత్తాన్ని లెక్కకట్టి క్లెయిముల లిస్టులో రాయించండి. స్థితి, ఉద్యోగి ఈమెయిల్ గడులకు వరుసలు 5000 దాటకముందే ఇండెక్స్ (త్వరగా వెతికేందుకు పెట్టే సూచిక) పెట్టండి.

జవాబు (నాంపల్లి, పన్నుల లెక్కలు)

బిల్లుల లిస్టులో సీజీఎస్టీ (కేంద్రం వాటా), ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా), ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాల మీద పన్ను)లకు విడివిడి గడులు తప్పకుండా పెట్టండి. హోటల్ బస మీద పన్ను ఆ హోటల్ ఉన్న రాష్ట్రాన్ని బట్టి పడుతుంది కనుక, విజయవాడ లాడ్జి బిల్లులో ఆంధ్రప్రదేశ్ ఎస్‌జీఎస్టీ ఉంటుంది. తెలంగాణలో మాత్రమే రిజిస్టరైన సంస్థకు దాని మీద ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోళ్ల మీద కట్టిన పన్నును తాను కట్టవలసిన పన్నులో తగ్గించుకునే వీలు) రాదు. 15 అక్షరాల జీఎస్టీ నంబరులో మొదటి రెండంకెలు రాష్ట్రాన్ని తెలుపుతాయి: తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. వాటిని చూసి యాపే ఇలాంటి లాడ్జి బిల్లులను వేరుచేయగలదు. భోజనం బిల్లుల మీద సాధారణంగా క్రెడిట్ లేదు. చెల్లింపు నగదా, యూపీఐనా అన్నది కూడా నమోదు చేయించండి. ఒకే వ్యక్తికి ఒకే రోజున రూ.10,000 మించి నగదు చెల్లిస్తే, ఆదాయపు పన్ను లెక్కలో సాధారణంగా ఆ ఖర్చును ఒప్పుకోరు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆమోదం అయ్యాక ఎవరూ మొత్తాన్ని మార్చకుండా యాప్‌లో మార్పుల బటన్‌ను దాచేస్తే చాలునా? మేనేజర్ గారు ఊళ్లో లేనప్పుడు ఏం చేయాలి?

జవాబు (మాదాపూర్)

బటన్ దాచడం రక్షణ కాదండీ. యాప్ వాడే ప్రతి ఒక్కరికీ లిస్టు మీద అనుమతి ఇవ్వవలసిందే. రాసే అనుమతి ఉన్నవారు బ్రౌజరులో లిస్టునే నేరుగా తెరిచి అంకెలు మార్చగలరు. అందుకని, సమర్పించిన వెంటనే ఆ వరుసల మీద ఇంజినీరుకు చదివే అనుమతి మాత్రమే మిగిలేలా పవర్ ఆటోమేట్‌లో ఒక ఫ్లో (దానంతట అదే నడిచే పనుల వరుస) రాయండి, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చూపే వర్షన్ హిస్టరీ కూడా ఆన్‌లో ఉంచండి. ఈ విషయంలో షేర్‌పాయింట్ కన్నా మైక్రోసాఫ్ట్ వారి డేటాబేస్ డేటావర్స్ ఎంతో మేలు, అయితే దానికి ప్రీమియం లైసెన్సు విడిగా కొనాలి.

ఆమోదం కోసం వేచి ఉండే ఫ్లో 30 రోజులకు మించి నడవదు. కనుక క్లెయిమ్ స్థితిని ఫ్లో మీద వదలకుండా లిస్టులోనే రాయించి, మూడు రోజుల్లో జవాబు రాకపోతే రెండో అధికారికి వెళ్లేలా పెట్టండి. తన క్లెయిమ్ ప్రస్తుతం ఎవరి దగ్గర ఆగి ఉందో ఇంజినీరుకు మొదటి తెరమీదే కనిపించాలి. మీరు చెప్పిన ఇబ్బందిని బట్టి చూస్తే, నేనైతే ఆ తెరనే ముందుగా తయారుచేస్తాను.